బండి చల్లారేదాకా

చల్లారాలంట. అక్కడ మనిషి చల్లబడి పడుకుని ఉంటే ఇక్కడ బండి చల్లారాలంట. బావ ఆ మాట చెప్పి, మోటారు సైకిలును కొండవైపు రాతిగోడకు ఆనించి, తువ్వాలుతో మెడ తుడుచుకుని గువ్వలచెరువు కనుమ పైకి నడిచిపోయాడు. పైన ఊళ్ళో జీపో, లారీయో, ఏమీ దొరక్కపోతే ఎడ్లబండో పట్టుకొస్తాడట. నేనూ వస్తానంటే వినలేదు. "నువ్వు ఈన్నే ఉండుమే. కింద నుంచి లారీ ఏదన్నా వస్తే ఆపి ఎక్కిపో. నా కోసరం చూడగాకు" అన్నాడు. సరేనన్నాను. అందుకే ఈ మలుపులో మైలురాయి పక్కన, ఒళ్ళో కొత్త పంచె మూట పెట్టుకుని, రోడ్డు వైపు చెవులు రిక్కించి కూర్చున్నాను. కొండకు అవతల, దిగిన తర్వాత కొద్ది దూరంలోనే మా ఊరు. ఊళ్ళో మా ఇంటి వసారాలో మా నాయన. తెల్లవారుజామున పోయాడని పొద్దుటి బస్సుకు మా ఊరి కంబన్న వచ్చి చెప్పాడు. బస్సు దిగి, వాకిట్లో నిలబడి, ముందు మంచినీళ్ళు అడిగి, తాగి, ఆ తర్వాత చెప్పాడు. ఆ నీళ్ళు తాగినంత సేపూ మా నాయన బతికే ఉన్నాడు నాకు. మూడు గంటలకు అమావాస్య ప్రవేశిస్తుందట, అది తగలక ముందే ఎత్తాలని అయ్యవారు చెప్పాడట. మూడు గంటలకు. నా దగ్గర గడియారం లేదు. మైలురాయి నీడ మాత్రం ఉంది, అది రాయి కాళ్ళ కింద నుంచి ఇప్పుడిప్పుడే బయటికి వస్తోంది.

అందరూ ముఖం చూడాలని పరిగెత్తుతారు. నేనూ చూడాలి. కానీ ముఖం ఒక్కటే కాదు. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళకు చేయించే చివరి స్నానంలో మాడు మీద మొదటి నూనె పెట్టేది కూతురు. కూతురు ఎంత దూరాన ఉన్నా వచ్చేదాకా నూనెగిన్నె పక్కన పెట్టుకుని చూస్తారు. మా అవ్వ పోయినప్పుడు అత్త రాజంపేట నుంచి రావాలంటే చెయ్యేరు పొంగి బస్సులు నిలిచిపోయి, మర్నాటి దాకా ఆపారు. నాయనకు ఆ ఆపడం కూడా లేదు, అమావాస్య అడ్డం వచ్చింది. ఆయన మాడు మీద నా చెయ్యి పడాలి. అంతే నేను అడిగేది. ఏడవడానికి తర్వాత బతుకంతా ఉంది, అరచేతిలో నూనె పోసుకుని ఆయన మాడు మీద పెట్టడానికి మాత్రం మూడు గంటల దాకానే ఉంది. కొండెక్కి దిగితే చాలు. ఆ కొండే ఈ బండి ఎక్కదు.

ఎక్కదంటే ఇంజను చెడిపోయి కాదు. ఇంజను దివ్యంగా ఉంది, కొండంతా దద్దరిల్లేట్టు అరుస్తోంది. ఎంత అరిస్తే ఏం, ఆ అరుపు చక్రానికి అందడం లేదు. క్లచ్చు జారుతోందంటాడు బావ. ఎడమపక్క తాంబాళం లాంటి రేకు డబ్బా ఒకటుంది చూడు, దాంట్లో పలకలు ఉంటాయట, ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకుంటేనే ఇంజను తిరిగిన తిరుగుడు వెనక చక్రానికి పోతుందట. పట్టు జారిందా, ఇంజను దాని పాటికి అది తిరుగుతుంది, చక్రం దాని పాటికి అది నిలబడుతుంది. జారిన కొద్దీ వేడెక్కుతాయి, వేడెక్కిన కొద్దీ ఇంకా జారుతాయి. కడప నుంచి చదునులో బాగానే వచ్చాం. కనుమ మొదలయ్యాక మొదటి మలుపులో మూలిగింది, రెండో మలుపులో నేను దిగి నడిచాను, మూడోదాంట్లో బావ కూడా దిగి బండి పక్కన పరుగెత్తుతూ తోశాడు. వెనక నుంచి నేనూ తోశాను. చెప్పు తెగింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఒంటి చెప్పుతో, ఆ ఇనప గాడిదను తోస్తూ "నాయనా నాయనా" అని ఏడుస్తుంటే, "నువ్వు ఏడ్చగాకుమే, నాకు చేతులాడవు" అని బావ అరిచాడు. ఆ తర్వాత ఆ డబ్బా మీద నీళ్ళు చల్లితే సుయ్యిమని ఎగిరిపోయాయి. అప్పుడన్నాడు, చల్లారాలని.

బావ అరిచినందుకు నాకేం కోపం లేదు. నాకు మొగుడు, నాయనకు మేనల్లుడు, ఆయనకూ మేనమామే కదా పోయింది. పదేళ్ళవాడిగా తండ్రి పోతే మా ఇంటికొచ్చాడు, నాయన చేతి మీద పెరిగాడు, నాయన భుజాల మీదెక్కి మొదటిసారి కడప చూశాడు. పొద్దున కంబన్న చెప్పినప్పుడు కూడా బావ కంట్లో నీళ్ళు రాలేదు. నేరుగా బండి దగ్గరికి పోయి స్పానర్లు తీసుకున్నాడు. ఇరవై రోజులుగా జారుతూనే ఉంది, తీగ బిగించాడు, స్ప్రింగులు బిగించాడు, దసరాకు ముందు బాగు చేసిచ్చిన మెకానిక్‌ను బూతులు తిట్టాడు. "మంచి నూనె పోయమంటే ఏం గబ్బు పోసినాడో నా కొడుకు" అని రోజూ అన్నం ముందు కూర్చుని అదే జపం. నాకు ఆ తిట్లు వినీ వినీ ఆ మెకానిక్ మీద జాలి పుట్టింది, ఒకరోజు కనబడితే మజ్జిగ కూడా ఇచ్చాను. పోనీ బస్సుకు పోదామంటే వచ్చిన బస్సు మళ్ళీ సాయంత్రానికి గాని తిరిగి పోదు. కంబన్న దానికే వస్తాడు. కంబన్న వచ్చేసరికి బూడిద కూడా ఆరిపోయి ఉంటుంది.

ఈ బండి మా ఇంటికి వచ్చి ఏడాది. కర్నూలు రాజధాని అయ్యాక అక్కడ ఆఫీసులకూ, గుమాస్తాల ఇళ్ళకూ పరచడానికి బండలు కావాల్సి వచ్చాయి, బావ గనుల బండలకు గిరాకీ పెరిగింది, రెండు చోట్లకూ తిరగడానికి బండి కావాలని పట్టుబట్టాడు. కొత్తదా అంటే కాదు. యుద్ధంలో మిలిటరీవాళ్ళు తోలి అమ్మేసిందట, తర్వాత మదనపల్లెలో ఎవరో తోటల యజమాని దగ్గర ఉందట, ఆ తర్వాత ఒక కంట్రాక్టరు. ఎంతమంది చేతులు మారినా పచ్చరంగు కింద పచ్చరంగే, గోకితే ఇంకా పచ్చరంగే. తోలడం నేర్పింది ప్రేమయ్య. మిలిటరీలో ఆయన పని అదే, చీటీలు పట్టుకుని ఎడారిలో మోటారు సైకిలు మీద తిరగడం. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని ఆయనా బావా నూనెల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఇంజనుకు చిక్కటి నూనె, గేర్లకు ఇంకా చిక్కటిది, ఆ ఎడమపక్క డబ్బాకు మాత్రం నీళ్ళలాంటి పల్చటి నూనె, అదీ కొంచెమే. చలికాలం ఒకటి, ఎండాకాలం ఒకటి. చంటిబిడ్డ పాల గురించి కూడా ఎవరూ అంత మాట్లాడరు. నేను లోపల్నుంచి వింటూ, ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ మంచి నూనె అందుతోంది అని సాగదీసేదాన్ని. ప్రేమయ్య నవ్వి, "నీకేంమ్మా, మీ నాయన పంపుతాడు గదా" అనేవాడు.

పంపేవాడు. నెలకొకసారి, మూతకు గుడ్డ చుట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి. వంటాముదం. గానుగ నుంచి వచ్చే పచ్చటి ఆముదం కాదు, ఆముదపు గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్ళలో పోసి ఉడికిస్తే పైకి తేలేది. నల్లగా, చిక్కగా, తిరగేస్తే సీసాలో నిదానంగా కదిలేది. కమురు వాసన. కడపలో మా పక్కింటి నాగలక్ష్మమ్మ ఆ వాసనకు ముక్కు మూసుకుని, అంగట్లో సంపెంగ నూనె దొరుకుతుంది కదమ్మా అనేది. నీ సంపెంగ నీ దగ్గరే ఉండనీ అనేదాన్ని. ఆమెకేం తెలుసు. ఆ ఆముదం కాచింది మగవాడని తెలిస్తే ఆమె ముక్కు మీద వేలు కూడా వేసుకునేది. మా అమ్మ సిద్దమ్మ పోయేనాటికి నాకు జడ కూడా పొడుగు లేదు. నాలుగు వారాలు నా తల ఎవరూ అంటలేదు. ఒక ఆదివారం నాయన పొలం పోకుండా పెరట్లో పొయ్యి పెట్టి, బాన ఎక్కించి, తనే గింజలు వేయించడం మొదలుపెట్టాడు. మొదటిసారి మాడ్చాడు. రెండోసారి పచ్చిగా దించాడు. గోడ మీద నుంచి ఆడవాళ్ళు చూసి నవ్వుతున్నారు. సుంకులమ్మ అయితే "ఏమప్పా ఓబుళరెడ్డీ, రేపు కాన్పులు గూడా చేచ్చావా" అని అడిగింది. నాయన తలెత్తలేదు. గరిటెతో నూనె తేరుస్తూ, "బిడ్డ తలకాయక్కా, ఇంగెవురు జేచ్చారు" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతు ఎట్లా ఉందో ఇప్పుడు వినబడుతోంది, ఈ కొండల్లో, ఇంత ఎండలో.

లారీ. కింద లారీ శబ్దం. లేచాను, రోడ్డు మధ్యలోకి పోయి నిలబడ్డాను, రెండు చేతులూ ఎత్తాను. మలుపు తిరిగి వచ్చింది, నిండా మేకలు, మూలుగుతూ, నడిచే మనిషి కన్నా నిదానంగా. డ్రైవరు తల బయటికి పెట్టి అడ్డం తొలగమని చెయ్యి ఊపాడు. "మా నాయన పోయినాడన్నా, అవతలికి పోవల్ల" అని అరిచాను. "కనుమలో నిలిపితే మళ్ళా లెయ్యదమ్మా, బరువుండాది, ఎగిరి పట్టుకో" అన్నాడు. పట్టుకోవాలనే చూశాను. పక్కన పరుగెత్తాను. వెనక చెక్కకు చెయ్యి అందింది, కాలు పెట్టడానికి ఏమీ లేదు, మేకలు నా ముఖంలో ముఖం పెట్టి చూస్తున్నాయి. చెప్పులేని కాలికి రాయి గుచ్చుకుంది. వదిలేశాను. లారీ పోయింది, పైన ఎక్కడో బావకైనా దొరకనీ అనుకున్నాను. పట్టుకుని వేలాడి ఉంటే పోయేదాన్నేమో. పడితే పడేదాన్ని. మేకలు పోతున్నాయి కొండకు అవతలికి, నేను పోలేదు. వెనక్కి వచ్చి కూర్చుంటే మైలురాయి నీడ జానెడు అయింది.

ఇప్పుడు ఇంట్లో ఏం జరుగుతూ ఉంటుంది. తమ్ముడు నారాయణ వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూస్తూ ఉంటాడు. వాడికి ఓపిక తక్కువ, కానీ ఈరోజు ఉంటుంది. వాడి పెళ్ళాం తిరుపతమ్మ నీళ్ళు కాచి ఉంటుంది. సీకాయ నానబెట్టి ఉంటారు. నూనెగిన్నె. అటక మీద కుండలో ఉంటుంది వంటాముదం, నాయన పోయిన నెలలోనే కాచాడు, దసరాకు మేం పోయినప్పుడు పెరడంతా అదే వాసన. ఎవరో అంటూ ఉంటారు, ఇంకా రాలేదా పెద్దబిడ్డ అని. వస్తుంది, మోటారు సైకిలు ఉండాది, గాలి మాదిరి వస్తుంది అని ఇంకొకరు. నాయన కూడా అట్లాగే చెప్పుకునేవాడట ఊరంతా, మా బిడ్డ అల్లుడి బండెక్కి గాలి మాదిరి వస్తుందని.

పై నుంచి ఎడ్లబండి దిగుతోంది. శెనక్కాయ మూటలు. ఇరుసు కుయ్యో మొర్రోమని కూత పెడుతోంది. బండాయన అయ్యన్న, కనుమ కింది ఊరివాడు, నన్ను చూసి ఎడ్లను పట్టాడు. "ఏంమ్మా, ఈడ కూచున్నావు ఒక్కదానివే?" చెప్పాను. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఓబుళరెడ్డన్నా? అయ్యో. ఆయప్ప బండి ఇరుసు కూత పెట్టంగా నేనెప్పుడూ ఇనలేదమ్మా. మనిషికి అన్నం ల్యాకపోయినా ఇరుసుకు ఆముదం ఉండల్లంటాండె." తన ఇరుసు వైపు సిగ్గుగా చూసుకున్నాడు. పైన ఏమన్నా కనబడిందా, మా ఆయన కనబడ్డాడా అంటే, కనబడ్డాడు, గుడిసెల కాడ ఎవరితోనో మాట్లాడుతున్నాడు అన్నాడు. "అవతల పక్క మబ్బు పట్టిందమ్మా, వానొచ్చేట్టుండాది" అని కూడా అన్నాడు. అతనికి నన్ను అట్లా వదిలిపోవడానికి మనసొప్పలేదు, కానీ బండి కిందికి పోయేది, నేను పైకి పోవాల్సినదాన్ని. పోన్నా అన్నాను. ఇరుసు కూత పెడుతూ దిగిపోయింది, వెనక ఆముదం వాసన, కమురు వాసన, కందెన వాసన. కళ్ళు మూసుకున్నాను. ఎంత బాగుంది.

బండి రెండు మలుపులు దాటి ఉంటుంది. కూత కూడా వినబడడం లేదు. వాసన పోలేదు.

నా తల వాసన అనుకున్నాను. జడ ముందుకు వేసుకుని చూశాను, మొన్న అంటుకున్న తల, సీకాయ వాసనే. చేతులు చూశాను. గాలి కొండ మీద నుంచి దిగి, బండిని దాటుకుని నా వైపు వస్తోంది. అప్పుడు లేచి బండి దగ్గరికి పోయాను. ఆ ఎడమపక్క డబ్బా ఇంకా సెగలు కక్కుతోంది. అతుకు దగ్గర, కిందివైపు, ఒక బొట్టు. ఈ బండికి కారడం అలవాటే, ఇంట్లో దాని కింద ఎప్పుడూ రేకుమూత పెట్టి ఉంటుంది. ఆ బొట్టు కిందపడదు, నీళ్ళలాంటి నూనె అయితే ఎప్పుడో పడిపోయేది, ఇది సాగుతూ వేలాడుతోంది, నల్లగా. వేలితో తీశాను. కాలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

నాయనా.

ఇది మెకానిక్ పోసింది కాదు. ఏ అంగట్లోనూ దొరికేది కాదు. గింజ కొంచెం ఎక్కువ వేగిన వాసన, ఆయన ఎప్పుడూ కొంచెం ఎక్కువే వేయిస్తాడు, మొదటిసారి మాడ్చినప్పటి నుంచి చెయ్యి అట్లాగే ఉండిపోయింది, వేయి ఆముదాల్లో ఇది మా నాయనదని చెప్పగలను. దసరా ఆయుధపూజ నాటి పొద్దున. నేను పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వస్తే, ఎద్దులు కడిగి, బండ్లు కడిగి, నాగళ్ళకు బొట్లు పెట్టి, ఇరుసులకు ఆముదం పోసి, అందరికన్నా ముందు లేచి అన్నీ ముగించుకుని, నాయన గొడ్లపాక ముందు మోటారు సైకిలు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో కంచుగిన్నె. బండికి పసుపు, బొట్లు, హ్యాండిలుకు బంతిపూల దండ. నన్ను చూసి గిన్నె వెనక్కి పెట్టుకున్నాడు, బెల్లం దొంగిలించిన పిల్లవాడిలాగా. "ఇంగ చూడుమే, నిన్ను యాడా నిలపదు ఇది" అన్నాడు. పూజ చేశాడు కాబట్టి అంటున్నాడనుకున్నాను. నాయన ఏది చేసినా నవ్వడం నాకు అలవాటు, నవ్వి పోయాను.

దానికి ముందు రాత్రి భోజనాల దగ్గర బావ చెప్పాడు కదా, ప్రేమయ్య చెప్పిన మాట. దొరల దేశంలో మోటారు సైకిళ్ళ పందేలు పెడతారని, ఆ పందెం బండ్లకు ఆముదమే పోస్తారని, ఎంత వేడికైనా తట్టుకుంటుందని. నాయన ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. "మన ఆముదమా?" అన్నాడు. "ఆముదమే మామా." "దొరలు పోస్తారా?" "పోస్తారు మామా." ఆ ముఖం. ఊరంతా ముక్కు మూసుకుని పక్కకు నెట్టిన దాన్ని దొరలు తెచ్చుకుని పందేలు గెలుస్తున్నారంటే ఆ ముఖం వెలిగిన వెలుగు. పోసేది ఇంజనుకు, ఈ పలకల డబ్బాకు కాదు. పందెం బండికి, ఊళ్ళు తిరిగే బండికి కాదు. అదంతా ఆయనకు ఎవరు చెప్పారు. ఇరుసుకు ఆముదం పోస్తే బండి హాయిగా తిరుగుతుంది. ఆయనకు తెలిసిన ప్రపంచంలో బరువు మోసేది ఏదైనా అంతే. తిరిగేవి జారాలి. పట్టుకోవాల్సినవి కూడా ఉంటాయని, అవి జారకూడదని, ఆయన ఎరిగిన ఏ బండిలోనూ లేదు. పండగకు ఎద్దుబండికి పోసి, ఇంటికొచ్చిన బిడ్డ బండికి పోయకుండా ఉంటాడా. ఉన్నదాంట్లో మంచిది, మొదట తేర్చినది, నా తలకని దాచింది, దాని నిండా పోశాడు.

కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. ఎందుకు నాయనా నీకు అన్నీ, ఎవరడిగారు నిన్ను, బొట్టు పెట్టి ఊరుకోవచ్చు కదా, దండ వేసి ఊరుకోవచ్చు కదా, అని బండితోనే గట్టిగా అన్నాను. కొండ మీద కోతి ఒకటి ఆగి చూసింది. నువ్వు పోసిన నూనె నన్ను నీ దగ్గరికి రానీయడం లేదు నాయనా. ఆ తర్వాత నవ్వు వచ్చింది, గిన్నె వెనక దాచుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చి. నవ్వుతూ ఉండగానే ఏడుపు అయింది, ఈసారి ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి గొంతు నిండా ఏడ్చాను. బావకు చెప్పకూడదు. ఇరవై రోజులుగా మెకానిక్‌ను తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగిలాయో తెలిస్తే తట్టుకోలేడు. చెప్పకూడదు, చెప్పను. ఆ మెకానిక్‌కు మాత్రం ఇంకోసారి మజ్జిగ ఇస్తాను.

ఉరిమింది. కొండకు అవతల. ఎండ ఉన్నట్టుండి పోయింది, మైలురాయి నీడ కూడా పోయింది, ఇంక పొద్దు ఎంతైందో నాకు చెప్పేది ఏదీ లేదు. వాన వస్తే కట్టెలు తడుస్తాయి. కట్టెలు తడవక ముందే అంటారు ఎవరో. నారాయణ రోడ్డు వైపు చూస్తాడు. ఇంకా రోంత సేపు, కొంచెం ఆగండప్పా అంటాడు. పెద్దవాళ్ళు ఆకాశం వైపు చూస్తారు. ఆగండి. నారాయణా, ఆపురా. గిన్నె పక్కన పెట్టండి, వస్తున్నాను, బండి చల్లారుతోంది, చల్లారితే ఎక్కుతుంది. డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాను, ఇప్పుడు చెయ్యి ఆనుతోంది, జ్వరమొచ్చిన నుదురు అంత వేడి. నాకు జ్వరమొస్తే నాయన ఇట్లాగే అరచెయ్యి తిప్పి వేళ్ళ వెనకవైపుతో చూసేవాడు.

లారీ మళ్ళీ. కానీ పై నుంచి. మలుపులో ఆగింది. బావ దిగాడు. లారీ వెనక మా ఊరి గిడ్డయ్య కూర్చుని ఉన్నాడు, తలగుడ్డ లేకుండా, నా వైపు చూడకుండా. లారీ దిగిపోయింది. బావ చేతిలో సీసా, దాంట్లో పల్చటి నూనె. పరుగెత్తుకు రావాల్సిన మనిషి నడిచి వస్తున్నాడు. ఆ నడక చూశాక నాకు ఇంకేం చెప్పక్కర్లేదు.

"ఎత్తినారంట" అన్నాడు.

మైలురాయి పక్కన కూలబడి మూట ఒళ్ళోకి తీసుకున్నాను.

"వానొచ్చేట్టుండాదని రోంత ముందరే ఎత్తినారంట. నీ కోసరం శానాసేపు చూసినారంట వేణమ్మా. నారాయణ రోడ్డు మింద్నే నిలబడినాడంట."

"నూనె?"

"తిరుపతమ్మ పెట్టిందంట."

మంచి పిల్ల. చెయ్యి మెత్తన. పోనీలే అనుకున్నాను. పోనీలే అని ఒకసారి, రెండుసార్లు, ఎన్నోసార్లు అనుకున్నాను. ఒళ్ళోని కొత్త పంచె మూట బరువెక్కింది. బావ నా ముఖం చూడలేక బండి దగ్గరికి పోయి, సీసా రోడ్డు మీద పెట్టి, పెట్టెలో నుంచి స్పానరు తీశాడు. "ఈ పాడు నూనె వంపేసి ఇది పోస్తా. మెల్లగా ఎక్కుతాది. ఇంటికన్నా పోవల్ల గదా" అన్నాడు. ఆయనకు చేతులు ఊరుకుంటే ఏమవుతాడో భయం. కింద మర బిగించిన చోట వంగి తిప్పుతున్నాడు, పళ్ళు బిగించి, "ఏం గబ్బు పోసినాడో నా కొ—"

"తిట్టగాకు బావా!"

ఆ అరుపుకు నాకే భయం వేసింది. బావ ఆగాడు. మర ఊడింది, నూనె దిగింది, నల్లగా, చిక్కగా, తొందర లేకుండా. చెప్పకూడదనుకున్న దాన్ని నేను, కానీ అది దుమ్ములో పడుతుంటే ఎట్లా చూస్తాను. పరుగున పోయి దోసిలి పట్టాను. చేతుల్లో నిండింది. బావ నన్ను చూశాడు, దోసిలి చూశాడు, వాసన అప్పుడు తగిలింది ఆయనకు. పదేళ్ళ వయసు నుంచి ఆదివారం ఆదివారం ఆయన తల మీద పడిన వాసనే అది. స్పానరు చేతిలో నుంచి జారింది.

"మామ..." అన్నాడు. తర్వాత, "నేనే చూపిచ్చినా. దీనికి నూనె యాడ పోస్తారప్పా అని అడిగె. మూత ఇప్పి నేనే చూపిచ్చినా" అన్నాడు. రోడ్డు మీద అట్లాగే కూర్చుండిపోయాడు. పొద్దుటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది ఆయనకు, చిన్నపిల్లల ఏడుపు, భుజాలు ఎగిరిపడుతూ, ఎక్కిళ్ళతో. మొదటి చినుకులు పడుతున్నాయి. దోసిలి పట్టుకుని నేను నిలబడి ఉన్నాను, కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు.

తండ్రి పోయిన నాడు తలకు నూనె పెట్టుకోకూడదు. నాకు తెలుసు. ఈ కనుమలో చూసేది కోతులు. దోసిట్లోది కొంచెం ఒక అరచేతిలోకి వంచుకుని, నా మాడు మీద పెట్టుకున్నాను. చెవుల వెనక నుంచి మెడ మీదికి కారింది, చిన్నప్పుడు కారినట్టే. నాయనా, నేను పెట్టాల్సింది. నువ్వే పెట్టావు.

బావ తల ఎత్తి చూశాడు. వద్దంటాడనుకున్నాను. మోకాళ్ళ మీద నా దగ్గరికి జరిగి, తల వంచాడు.

"నాకూ రోంత పెట్టుమే" అన్నాడు.

మిగిలిందంతా ఆయన మాడు మీద పోసి, అరచేత్తో తట్టాను. నూనె ఇంకా చల్లారలేదు.